మసాయి మారాకు భుజాన బ్యాగుతో పోవచ్చా, ప్యాకేజీ తప్పదా?

దేవరకొండ_పోరడు:
నేను, నా దోస్తు ఇద్దరం సెప్టెంబర్‌లో కెన్యా పోదామనుకుంటున్నాం. అక్కడి మసాయి మారా అభయారణ్యంలో విల్డబీస్ట్ (ఆవు లాంటి అడవి జంతువు) మందలు నది దాటేది కళ్లారా చూడాలని ఎన్నాళ్ల నుంచో కోరిక. హైదరాబాద్‌లో ఒక ఏజెంటును అడిగితే చెప్పిన రేటుకు కళ్లు తిరిగాయి. ప్యాకేజీ లేకుండా, బస్సులు పట్టుకొని, డార్మిటరీల్లో పడుకొని సొంతంగా తిరిగి రావచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

బ్యాగు_భుజాన:
బరాబర్ పోవచ్చు తమ్మీ. నేను పోయొచ్చిన. 2024 జనవరి నుంచి కెన్యాకు వీసా బదులు ఈటీఏ అని ముందస్తు ప్రయాణ అనుమతి పెట్టారు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. నైరోబీలో హాస్టల్లో దిగు. అక్కడ మటాటులని ప్రైవేటు వ్యాన్లుంటాయి. మన దేవరకొండ రోడ్డు మీద నిండేదాకా కదలని తుఫాన్ బండ్లు చూశావు కదా, అదే తంతు. అందులో నరోక్ దాకా పో. నరోక్‌లో బండి మారి సెకెనాని గేటుకో, తలెక్ ఊరికో చేరుకో. పార్కు బయట టెంట్లు దొరుకుతాయి. లోపల నడవనియ్యరు, బండి ఉండాల్సిందే. అందుకని హాస్టల్లోనే ఇంకో ఇద్దరు ముగ్గురిని కలుపుకుంటే బండి ఖర్చు తలా ఇంత పంచుకోవచ్చు. ఏజెంటు చేసేది కూడా ఇదే. మధ్యలో వాని లాభం వేసుకుంటాడు, అంతే.

సాగర్_కాలువ:
పులులను పక్కన పెట్టుకొని ఆఫ్రికా ఎందుకు బ్రో? మన నల్లమల అడవిలో, మన్ననూరులో సఫారీ ఉంది కదా.

పాలమూరు_పంతులు:
బాబూ, పై మిత్రుడు అసలు సంగతి ఒకటి దాటేశాడు. మసాయి మారా ప్రవేశ రుసుము విదేశీయులకు జూలై నుంచి డిసెంబర్ దాకా మనిషికి రోజుకు 200 డాలర్లు. మన లెక్కలో 17 వేలకు తక్కువ కాదు. ఒక్క రోజుకు, ఒక్క మనిషికి! మీరు సెప్టెంబర్ అంటున్నారు. హాస్టల్లో పడుకొని మిగిల్చిన పైసలన్నీ గేటు దగ్గర కట్టి రావాలి. నది దాటడం ఫలానా పూట అని ఎవరూ చెప్పలేరు, కాబట్టి ఒక్క రోజు సరిపోదు. ప్యాకేజీలో ఈ లెక్కలన్నీ ముందే తేలిపోతాయి.

ఇంకో మాట. ఎల్లో ఫీవర్ టీకా వేసుకున్నారా?

బ్యాగు_భుజాన:
సార్, ఫీజు ప్యాకేజీ వానికి మాఫీ చేస్తారా? వాడూ అదే కట్టాలె, మీ దగ్గరే వసూలు చేస్తాడు. దాన్ని తీసేసి చూడండి, మిగతా ఖర్చులో సగానికి సగం తేడా వస్తది.

మిర్యాల_మిల్లు:
ప్యాకేజీ గురించి నన్నడగండి. మా ఇంటిల్లిపాదికీ కట్టిన. కాగితం మీద ‘మసాయి మారాలో బస’ అని ఉన్నది. తీరా చూస్తే అది గేటు బయట, గతుకుల రోడ్డు మీద గంటకు పైగా. పొద్దున లేచి గేటు చేరేసరికి ఎండ నెత్తికెక్కేది, సింహాలు పొదల కింద తోకలు తప్ప ఏమీ చూపెట్టలేదు. పార్కు ఫీజు వేరే అని అక్కడికి పోయినంక చెప్పారు. తిరిగొచ్చి అడిగితే ‘చిన్న అక్షరాల్లో రాసి ఉంది సార్’ అన్నాడు. ఏజెంటు మా దూరపు చుట్టమే, అందుకే పేరు రాస్తలేను.

పాలమూరు_పంతులు:
చుట్టం దగ్గర ప్యాకేజీ తీసుకుంటే అట్లనే ఉంటుంది. అది ప్యాకేజీ తప్పు కాదు.

ఎల్లో ఫీవర్ గురించి ఎవరూ జవాబివ్వలేదు. కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ టీకా కార్డు లేకుంటే మన విమానాశ్రయంలోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. టీకా వేసుకున్న 10 రోజులకు గానీ కార్డు చెల్లదు. రేపు విమానం, ఇవాళ టీకా అంటే కుదరదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చాలు, 2016లో ఆ నియమం మారింది. కార్డు మీద పాస్‌పోర్టు నంబరు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసుకోవాలి.

దేవరకొండ_పోరడు:
టీకా వేయించుకుంటాం సార్. కానీ 200 డాలర్లు చదివినప్పటి నుంచి మా దోస్తుకు టెన్షన్ పట్టుకుంది. వేరే దారేమన్నా ఉందా?

బ్యాగు_భుజాన:
ఉంది. మారాలో ఒక్క రోజే పెట్టుకో. మిగతా రోజులు నైవాషా దగ్గర హెల్స్ గేట్ పార్కుకు పో. అక్కడ సైకిల్ అద్దెకు తీసుకొని తొక్కొచ్చు, నడవొచ్చు. జీబ్రాలు, జిరాఫీలు రోడ్డు పక్కనే మేస్తుంటాయి. నీ సైకిల్ చైను చప్పుడుకు జీబ్రా తలెత్తి చూసి మళ్లీ గడ్డిలో మూతి పెడుతుంది. ఏ ప్యాకేజీ వాడూ ఇది చూపియ్యడు. నైరోబీ పట్నాన్ని ఆనుకొనే ఇంకో పార్కుంది, 1946 నాటిది. అందులో సింహాలు, ఖడ్గమృగాలు ఉన్నాయి, ఏనుగులు మాత్రం లేవు.

నది దాటే సంగతి అంటావా, నేను చూసిన రోజు మంద ఒడ్డు దాకా వచ్చింది. ముందున్నది నీళ్లలో కాలు పెట్టి, వాసన చూసి, వెనక్కి తిరిగింది. దానితో పాటు మొత్తం మంద తిరిగింది. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ తిరిగింది. డ్రైవర్లు ఇంజన్లు ఆపి కూర్చున్నారు. పొద్దుగూకేదాకా దాటలేదు. 5 లక్షల ప్యాకేజీ వాళ్లు కూడా నా పక్క బండిలోనే నిలబడి అదే దుమ్ము తిన్నారు.

ఇంకో చిట్కా. ఎక్కడైనా గైడ్ చెప్పిన రేటులో సగం నుంచి మొదలుపెట్టాలె. అడిగినంత ఇచ్చేటోడు బ్యాక్‌ప్యాకరే కాదు. మన నల్లమలలో మల్లెల తీర్థం జలపాతం దగ్గర కూడా నేను అట్లనే చేసిన. మొత్తం తిరిగినంక, చేతికి ఇచ్చేటప్పుడు ఇంకొంచెం తగ్గించాలె, వాళ్లు ఏమీ అనరు.

మన్ననూరు_చెక్‌పోస్టు:
ఏమీ అనరా? అన్నా, నేను ఇంతసేపు చదివి ఊకున్న. ఇప్పుడు అంటున్న.

మా వాళ్లలో ఒక పిలగాడు మల్లెల తీర్థం దగ్గర దారి చూపించడానికి పోతాడు. పట్నం నుంచి పెద్ద పెద్ద బ్యాగులతో ఇద్దరు వచ్చి రేటు మాట్లాడుకున్నారు. వాళ్లతో మెట్లు దిగిండు, ఎక్కిండు, బ్యాగు కూడా మోసిండు. ఆఖరుకు సగం చేతిలో పెట్టి ‘చిల్లర లేదు’ అని బండెక్కారు. తర్వాత ‘వంద రూపాయల్లో నల్లమల’ అని ఇంటర్నెట్‌లో ఫొటోలు పెట్టారు. ఆ ఫొటోలో మా పిలగాడు కూడా నవ్వుతున్నాడు. నువ్వే వచ్చినవో, నీలాంటి ఇంకొకడో నాకు తెల్వదు.

సాగర్_కాలువ:
అమ్మో, ఇప్పుడు మొదలైంది అసలు సఫారీ.

బ్యాగు_భుజాన:
నేను చిల్లర లేదని ఎవరికీ చెప్పలే. బేరం ఆడిన, వాడు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నంక మోసమెట్లయితది? మా నాయన నల్లగొండ మార్కెట్లో బస్తాలు మోసి నన్ను చదివించిండు. రోజుకు 200 డాలర్లు పెట్టేటోడే అడవి చూడాలా? మాలాంటోళ్లు టీవీలో చూడాలా? ఈ ఫీజులన్నీ పెట్టింది మాలాంటోళ్లను రాకుండా చేయడానికే.

పాలమూరు_పంతులు:
ఇద్దరూ విషయం వదిలేసి వ్యక్తిగతంగా పోతున్నారు. అడిగినవారు టీకాకు ఎప్పుడు వెళ్తారో చెప్పలేదు.

మన్ననూరు_చెక్‌పోస్టు:
పంతులు సార్, ఇదే విషయం.

అన్నా, మీ నాయన బస్తా మోస్తే సేటు సగం ఇచ్చి ‘చిల్లర లేదు’ అంటే మీ ఇంట్లో ఏమనుకునేవాళ్లు? అడవి అందరిదీ అని నువ్వంటావు. మా నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో చెంచుల పెంటలు, అంటే వాళ్ల గూడేలు, ఎప్పటి నుంచి ఉన్నాయి? ‘పులి ఉంది, మీరు బయటికి పోండి’ అని వాళ్లకు చెబుతున్నారు. నువ్వు తలెక్, సెకెనాని అంటున్నావు కదా, అక్కడి మసాయిలదీ ఇదే కథ. అవతల టాంజానియాలో 1959లో సెరెంగెటి నుంచి మసాయిలను ఖాళీ చేయించి న్గొరోంగొరో వైపు పంపారు. అప్పుడు పశువులు మేపుకున్నోడు ఇప్పుడు నీకు దారి చూపిస్తే వచ్చే పైసలతో బతకాలె. ఆ పైసల్లోనే నువ్వు సగం కోస్తవు. విమానం టికెట్‌కు బేరం ఆడినవా? ఈటీఏ ఫీజుకు ఆడినవా? గేటు దగ్గర డాలర్లకు ఆడినవా? అక్కడ నోరు మూసుకొని కట్టి, వీని దగ్గర తెలివి చూపిస్తవు.

మిర్యాల_మిల్లు:
గట్టిగా అడిగిండు. మా ఏజెంటును కూడా ఇట్లనే అడగాల్సింది.

బ్యాగు_భుజాన:
గేటు దగ్గర బేరం కుదిరితే అక్కడా ఆడుతా. నా జేబులో ఉన్నదే నేను పెట్టగలను. నేను రాకుంటే ఆ పిలగాడికి ఆ సగం కూడా రాదు.

మన్ననూరు_చెక్‌పోస్టు:
లేనప్పుడు గైడును పెట్టుకోకు. హెల్స్ గేట్‌లో సైకిల్ తొక్కినవు కదా, అట్ల తిరుగు. నాకు అభ్యంతరం లేదు. మనిషిని పెట్టుకున్నంక మాట్లాడుకున్నంత ఇయ్యి.

బ్యాగు_భుజాన:
ఉపన్యాసం అయిపోయిందా?

పాలమూరు_పంతులు:
అయిపోయిందనుకుంటా. దేవరకొండ బాబుకు ఒక సూచన. జనవరి నుంచి జూన్ దాకా మారా రుసుము 100 డాలర్లే. అయితే ఆ నెలల్లో మందలు చాలామటుకు సెరెంగెటిలో ఉంటాయి. ఫిబ్రవరి ప్రాంతంలో దక్షిణాన న్డూటు వైపు ఈనుతాయి. నది దాటడం చూడాలంటే మాత్రం ఆ నెలలు వద్దు.

దేవరకొండ_పోరడు:
మా దోస్తుతో మాట్లాడిన. నది దాటేది కనబడుతుందన్న గ్యారంటీ లేనప్పుడు 200 ఎందుకు, ఫిబ్రవరిలో మారాలో రెండు రోజులు పెట్టుకుందాం అంటున్నాడు. సింహాలు, చిరుతలు ఎప్పుడూ ఉంటాయి కదా. తలెక్ దాకా అన్న చెప్పినట్టు వ్యాన్లలోనే పోతాం. అక్కడి నుంచి బండి, డ్రైవరు, గైడు పెట్టుకుంటాం. టీకా వచ్చే వారం.

ఒక్కటి చెప్పండి, గైడుకు రోజుకు ఎంత ఇస్తే న్యాయంగా ఉంటుంది?

మన్ననూరు_చెక్‌పోస్టు:
మమ్మల్ని ఎందుకు అడుగుతవు తమ్మీ? ముందు రోజు రాత్రే ఆయననే అడుగు. ఎక్కువనిపిస్తే అప్పుడే వద్దను, తిరిగినంక కాదు.

బ్యాగు_భుజాన:
గైడు ఎక్కువ అడిగితే ఇస్తడా ఈ పోరడు? తమ్మీ, ముందే హాస్టల్లో నలుగురినీ రేటు అడిగి పెట్టుకో.

మన్ననూరు_చెక్‌పోస్టు:
అది మంచి మాటే.

సాగర్_కాలువ:
ఇంట్లో చెప్పినవా మరి?