లివర్ క్యాన్సర్: ట్యూమర్ పక్క ముక్కలోనూ మిథైలేషన్ బ్యాండ్ వస్తోంది, కంటామినేషనా?

ప్రశ్న (తరమణి, చెన్నై)
లివర్ క్యాన్సర్ పారఫిన్ బ్లాకుల్లో ఆర్‌ఏఎస్ఎస్ఎఫ్1ఏ జీన్ ప్రమోటర్‌కి (జీన్‌ని ఆన్, ఆఫ్ చేసే భాగం) ఎంఎస్‌పీ (మిథైలేషన్ ఉందో లేదో చూపే పీసీఆర్) చేస్తున్నాం. ట్యూమర్‌లో ఎం (మిథైల్ ఉన్న), యూ (మిథైల్ లేని) బ్యాండ్లు రెండూ పడుతున్నాయి. ట్యూమర్ లేని పక్క ముక్కలోనూ పల్చగా ఎం బ్యాండ్ కనిపిస్తోంది. బైసల్ఫైట్‌కి (మిథైల్ లేని సైటోసిన్‌ని యురాసిల్‌గా మార్చే రసాయనం) 300 నానోగ్రాముల డీఎన్ఏ, పీసీఆర్ 40 సైకిళ్లు. నీళ్ల కంట్రోల్ శుభ్రంగా ఉంది. ఈ శాంపిళ్లు పక్కన పెట్టేయాలా?

జవాబు 1
అప్పుడే వద్దండీ. నీళ్ల కంట్రోల్‌ని బట్టి బయటి డీఎన్ఏ పడలేదని తెలుస్తుందంతే, బైసల్ఫైట్ మార్పు (కన్వర్షన్) పూర్తయిందా అన్న సంగతి తెలియదు. మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారకుండా మిగిలిపోతే, అదీ మిథైలేషన్‌లాగే కనిపిస్తుంది. హోల్ జీనోమ్ యాంప్లిఫికేషన్ (డీఎన్ఏ మొత్తాన్ని ట్యూబులో కాపీలు తీయడం) చేసిన డీఎన్ఏలో మిథైల్ గుర్తులుండవు. దాన్ని అదే బ్యాచ్‌లో కన్వర్ట్ చేసి ఎం ప్రైమర్లతో నడపండి. బ్యాండ్ పడిందంటే తప్పు కన్వర్షన్‌దో ప్రైమర్‌దో. సైకిళ్లు 35కి దించండి.

డీసల్ఫోనేషన్ (చివర్లో క్షారంతో సల్ఫోనేట్‌ని తీసేసే దశ) దగ్గర జాగ్రత్త. రూం టెంపరేచర్‌లో 15-20 నిమిషాలు అంటే 20-30 డిగ్రీల గది అని అర్థం. మే నెలలో ఏసీ లేని చెన్నై బెంచ్ మీద ట్యూబు అరగంట ఉండిపోతే, బైసల్ఫైట్ దెబ్బ తిన్న చోటల్లా డీఎన్ఏ ఆ క్షారంలో తెగిపోతుంది. బ్లాక్ డీఎన్ఏ అసలే ముక్కలు. యాంప్లికాన్ 150 బేస్‌లు దాటనివ్వకండి.

జవాబు 2 (బెంగళూరు)
కంట్రోళ్లు సరిగ్గా వస్తే ఆ బ్యాండ్‌ని నమ్మండి. పక్క ముక్క సిర్రోసిస్ లివర్ అయితే అది నార్మల్ కాదు. హెపటైటిస్ వైరస్ వల్లో మద్యం వల్లో ఏళ్ల తరబడి కణాలు చస్తూ, మళ్లీ పుడుతూ, వాపు ఆరకుండా ఉన్నచోట ఈ ప్రమోటర్ క్యాన్సర్ రాకముందే మూతపడటం మొదలవుతుంది. కణాల పెరుగుదలను నడిపే రాస్ దారికి బ్రేక్ వేసి, పెరుగుదలను ఆపే హిప్పో దారిని నడిపించే జీన్ ఇది. కాబట్టి ఎం బ్యాండ్ ఒక్కటే చూసి క్యాన్సర్ అనడం తప్పు. ఎంత శాతం అన్నదే ముఖ్యం, అది పైరోసీక్వెన్సింగ్‌తో (మిథైలేషన్ శాతం కొలిచే పద్ధతి) తేలుతుంది. యూ బ్యాండ్‌కి లింఫోసైట్లు, రక్తనాళాల కణాలు చాలు. స్లైడ్ మీద ట్యూమర్ గీత గీసుకుని అంతవరకే గీకండి.

టెర్ట్ (టెలోమరేజ్ ఎంజైమ్ జీన్) ప్రమోటర్‌లో −124 స్థానం కూడా చూడండి. దాదాపు 60 శాతం లివర్ క్యాన్సర్లలో టెర్ట్ ప్రమోటర్ మ్యుటేషన్ ఉంటుంది, ఎక్కువగా ఇక్కడే.

ప్రశ్న అడిగినవారు
క్యూపీసీఆర్‌కి (పరిమాణం కొలిచే పీసీఆర్) మారదామంటే మా మాస్టర్ మిక్స్‌లో యూఎన్‌జీ (డీఎన్ఏలోంచి యురాసిల్‌ని తీసేసే ఎంజైమ్) ఉంది. పర్వాలేదా?

జవాబు 1
వద్దు, కన్వర్ట్ చేసిన డీఎన్ఏలో యురాసిలే మీ సిగ్నల్, యూఎన్‌జీ దాన్నే తీసేస్తుంది. ప్రూఫ్‌రీడింగ్ పాలిమరేజ్ కూడా యురాసిల్ దగ్గర ఆగిపోతుంది, హాట్‌స్టార్ట్ టాక్ వాడండి. టెర్ట్‌కి మాత్రం, బైసల్ఫైట్ తగలని డీఎన్ఏ మీద యూఎన్‌జీ తప్పక వాడండి: ఫార్మలిన్ వల్ల సైటోసిన్ యురాసిల్ అయితే −124 దగ్గర అచ్చం మ్యుటేషన్‌లాగే చదవబడుతుంది.