అప్‌డేట్: రంగులు ముందా, టైల్స్ ముందా?

పాత ఇంటి మరమ్మతుల్లో రంగులు టైల్స్‌కు ముందు వేయించాలా, తర్వాత వేయించాలా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను, ఇప్పుడు పని దాదాపు పూర్తయింది. మీలో ఎక్కువ మంది చెప్పినట్టే లప్పం (గోడను నున్నగా చేసే పూత), ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత), రంగు మొదటి కోటు టైల్స్ పరచకముందే వేయించాం. లప్పం రుద్దినప్పుడు లేచే తెల్లటి పొడి కొత్త నేల మీద పడలేదు, అదే పెద్ద మేలు. తలుపులు బిగించేటప్పుడు గోడలకు పడిన గీతలను పూడ్చి, దుమ్ము తుడిచి, చివరి కోటు వేయించాం. స్విచ్చులు ఆ తర్వాతే.

వంటగదిలో కొత్తగా ప్లాస్టరింగ్ చేసిన గోడను 28 రోజులు ఆరనివ్వమన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. మేస్త్రీ ఎంత తొందరపెట్టినా మేం ఒప్పుకోలేదు. పచ్చి గోడకు రంగు వేస్తే పొరలుగా లేచిపోతుంది, తెల్లటి ఉప్పు పూస్తుంది.

స్నానాలగది వెనక గోడ ఒక్కటే మిగిలింది. పైపు లీకు ఆపించాం, చెమ్మ పూర్తిగా ఆరాకే దానికి రంగు.