వన్‌టౌన్ నిరాశ్రయుల వసతి గృహానికి మరమ్మతు: శ్లాబు ముందా, సదుపాయాలు ముందా?

ప్రశ్న (వసతి గృహ నిర్వహణ కమిటీ సభ్యురాలు, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా వార్డులో నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో నడుస్తున్న నిరాశ్రయుల వసతి గృహం ఒకప్పటి సామాజిక భవనం. కింద ఒక హాలు, పైన ఒక హాలు కలిపి దాదాపు 2,400 చదరపు అడుగులు ఉంటాయి. కింది హాలులో మగవారు, పై హాలులో ఆడవారు ఉంటున్నారు. మొత్తం 60 మంచాలు వేశారు. పెళ్ళిళ్ళలో వడ్డన పనికి వెళ్ళేవారు, హార్బరు దగ్గర బరువులు మోసేవారు, కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చికిత్స ముగిసినా వెళ్ళడానికి ఇల్లు లేనివారు, పిల్లలు వదిలేసిన వృద్ధులు ఇక్కడ తలదాచుకుంటున్నారు.

పై హాలు శ్లాబు పెచ్చులూడుతోంది. మొన్నటి వర్షాలకు అరచేయంత కాంక్రీటు ముక్క రాత్రివేళ ఒక మంచం మీద పడింది. ఆ మంచం మనిషి స్నానానికి వెళ్ళి ఉండటం వల్ల ప్రాణం దక్కింది. ముక్క ఊడిన చోట చువ్వలు ఎర్రగా తుప్పుపట్టి, పొరలు పొరలుగా లేచి కనిపిస్తున్నాయి. ఇప్పుడు మరమ్మతులకు ఒక అంచనా తయారైంది. అందులో రంగులు, నేలకు టైల్సు, రెండంతస్తుల మంచాలు, పై హాలుకు ప్లాస్టిక్ పలకల ఫాల్స్ సీలింగ్ ఉన్నాయి. మరుగుదొడ్ల ఊసే లేదు. ఉన్న మూడూ కింద వెనుకవైపున ఉండటంతో, ఆడవారు రాత్రిపూట మగవారి హాలు గుండా నడిచి వెళ్ళాల్సి వస్తోంది. ఈ అంచనాను మార్చమని కమిటీ తరఫున లిఖితపూర్వకంగా అడగాలనుకుంటున్నాము. ఏది ముందు అడగాలో, పని జరిగే రోజుల్లో ఉన్నవారిని ఎక్కడ ఉంచాలో అనుభవమున్నవారు తెలుపగలరు.

సమాధానం 1 (విశ్రాంత సివిల్ ఇంజనీరు)

అమ్మా, ముందుగా ఆ ఫాల్స్ సీలింగ్‌ను ఆపించండి. పెచ్చులూడే శ్లాబు కింద పలకలు బిగిస్తే లోపల ఏం జరుగుతున్నదో ఎవరికీ కనిపించదు, ఊడిన ముక్కల బరువంతా ఆ పలకల మీద చేరి ఒకరోజు అన్నీ కలిసి కిందపడతాయి. ఈలోగా పెచ్చులు లేచిన మేరకు కింది మంచాలను ఈరోజే జరిపించండి. శ్లాబు కిందికి వంగినట్టు కనిపిస్తే ఇనుప జాకీలతో ఊతం పెట్టించకుండా ఎవరినీ అక్కడ పడుకోనివ్వకండి.

విశాఖ వంటి ఊరిలో ఈ జబ్బుకు మూలం రెండు. సముద్రపు గాలిలోని ఉప్పు కాంక్రీటులోకి ఇంకి చువ్వలను చేరుతుంది, డాబా మీద నిలిచిన వాన నీరు దానికి తోడవుతుంది. తుప్పు పట్టిన ఇనుము ముందున్న పరిమాణానికి రెండు రెట్లకు మించి ఉబ్బుతుంది కాబట్టి అడుగున ఉన్న కాంక్రీటును పగలగొట్టి బయటికి నెడుతుంది. పాత భవనాలలో చువ్వల కింద అర అంగుళం కాంక్రీటు కూడా ఉండదు. సముద్రతీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటుకు 45 మిల్లీమీటర్ల కవరు (చువ్వలను కప్పి ఉండే కాంక్రీటు మందం), కనీసం ఎం30 పటుత్వ శ్రేణి కాంక్రీటు ఉండాలని కాంక్రీటు పనులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతోంది. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరమే మీ శ్లాబు ఇప్పుడు చూపిస్తున్నది.

అంచనా వేయడానికి ముందే పరీక్షలు చేయించమని అడగండి. సుత్తితో తట్టి చూస్తే బోలు శబ్దం వచ్చిన మేర సుద్దముక్కతో గీతలు గీయవచ్చు. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలతో కాంక్రీటు పటుత్వం, చువ్వలు ఎక్కడెక్కడ తుప్పు పడుతూ ఉండే అవకాశముందో తెలిపే హాఫ్ సెల్ పరీక్షతో మిగిలినది తేలుతుంది. చువ్వ మందం బాగా తరిగిపోయి ఉంటే పక్కన కొత్త చువ్వ చేర్చవలసి వస్తుంది. అది తెలియకుండా వేసిన అంచనా పని మధ్యలో తప్పక పెరుగుతుంది, డబ్బు చాలలేదని పని అక్కడే ఆగిపోతుంది.

చేయవలసిన తీరు ఇది. బోలుగా ఉన్న కాంక్రీటును చువ్వ వెనుక వేలు దూరేంత లోతు వరకు చెక్కించాలి. చువ్వ పైభాగాన తుప్పును ఉంచి కింద మాత్రం గీకితే లాభం లేదు. తుప్పు పూర్తిగా పోయాక జింక్ ప్రైమరు పూసి, పాత కొత్త కాంక్రీటు అతుక్కునే పూత వేసి, పాలిమర్ కలిపిన మోర్టారును (సిమెంటు గచ్చు) పొరలుగా నింపాలి. ఎక్కువ లోతున్న చోట మైక్రో కాంక్రీటు (సన్నని రేణువులతో జారుగా ఉండే కాంక్రీటు) పోయాలి. మామూలు సిమెంటు, ఇసుక కలిపి మెత్తితే రెండు వానాకాలాలకు మించి నిలవదు. తీరం దగ్గర బోరు నీళ్ళు ఉప్పదేలి ఉంటాయి కాబట్టి కలపడానికీ, తడపడానికీ కూడా మంచినీళ్ళే వాడాలి. ఇనుముతో కూడిన కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటరాదు.

కింద ఇంత చేసినా డాబా మీద నీరు నిలిస్తే అంతా వృథా. వాలు సరిచేయించి, పిట్టగోడ అంచు వెంట పగుళ్ళు పూడ్పించి, నీరు దిగే గొట్టాలను పెద్దవి వేయించి, ఆ తర్వాతే వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. పైన తెల్లని కూల్ రూఫ్ పూత వేయిస్తే మే నెలలో పై హాలు వేడి చెప్పుకోదగినంత తగ్గుతుంది. ఈ పనులకు అనువైన కాలం జనవరి నుంచి మే నెల మధ్య వరకు. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి కప్పులను, కిటికీలను ఏం చేసిందో మనకు తెలుసు కాబట్టి ఆ నెలల్లో డాబా తెరిచి పెట్టుకోవద్దు.

సమాధానం 2 (వసతి గృహం నడిపిన స్వచ్ఛంద కార్యకర్త)

ఇంజనీరు గారు చెప్పినదానికి నేను చేర్చేది లోపలి జీవితానికి సంబంధించినది. పట్టణ నిరాశ్రయుల వసతి పథకం మార్గదర్శకాలు మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలంటాయి. మీ 2,400 చదరపు అడుగులకు 48 మంది. మీరు ఇప్పటికే 60 మందిని ఉంచుతున్నారు, రెండంతస్తుల మంచాలు వేస్తే ఆ సంఖ్య ఇంకా పెరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న వృద్ధులు పై మంచం ఎక్కలేరు, మూర్ఛ వ్యాధి ఉన్నవారిని ఎక్కించకూడదు. కాగితం మీద సామర్థ్యం పెరుగుతుందే తప్ప మనుషులకు చోటు పెరగదు.

మరుగుదొడ్ల సమస్యకు పై హాలులో కొత్తవి కట్టడం ఒక దారిగా కనిపిస్తుంది గానీ, ఉప్పు తిన్న భవనంలో పై అంతస్తు మీద మరింత నీటిని పెట్టడం నాకు భయంగా ఉంది. దానికన్నా ఆడవారిని కింది హాలుకు, మగవారిని పైకి మార్చి చూడండి. వెనుక తలుపు గుండా ఆడవారు నేరుగా మరుగుదొడ్లకు వెళతారు. మగవారికి బయటి నుంచి మెట్లు వేసి, వేరే స్నానాల గది పెరట్లో కట్టించాలి. పైకి ఎక్కలేని వృద్ధులకు కింద ముందు భాగంలో గోడ కట్టి, వీధివైపు తలుపుతో ఒక గది వేరు చేయండి. ఆ తలుపు దగ్గర 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు మించని ర్యాంపు, ఒక మరుగుదొడ్డిలో పట్టుకునే కమ్మీలు తప్పనిసరిగా అడగండి.

ఇక అందరూ మరిచిపోయేది తాళం వేసుకునే పెట్టె. పనికి వెళ్ళే మనిషి ఆధార్ కార్డు, రేషన్ కార్డు, ఆసుపత్రి చీటీలు, నాలుగు జతల బట్టలు ఒక సంచిలో పెట్టి తలకింద ఉంచుకుని పడుకుంటాడు. ఆ సంచి పోతే పింఛను దరఖాస్తు మళ్ళీ మొదటికి వస్తుంది. పెట్టెలు, మంచాలు పలుచటి ఇనుముతో చేయిస్తే ఈ గాలికి త్వరగానే తుప్పు పడతాయి. అతుకులు తక్కువగా ఉన్న మంచాలను ఎంచుకోండి, ఎందుకంటే నల్లులు చేరేది ఆ సందుల్లోనే.

సమాధానం 3 (ఎలక్ట్రికల్ సూపర్‌వైజరు)

చెమ్మ దిగిన శ్లాబులో వైర్ల పైపుల గుండా నీరు స్విచ్ బోర్డులోకి వస్తుంది. శ్లాబు పని మొదలుపెట్టే ముందే ఫ్యాన్లు విప్పి, వాటి కొక్కేలు ఎంత తుప్పు తిన్నాయో చూడండి. కొత్త వైరింగ్ గోడల మీదుగా బయటి పైపులలో వేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్), సరైన ఎర్తింగ్ పెట్టించాలి. రాత్రి కరెంటు పోయినప్పుడు మెట్ల దగ్గర, తలుపుల దగ్గర వెలిగే ఎమర్జెన్సీ దీపాలు కూడా అంచనాలో చేర్చండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఫాల్స్ సీలింగ్ వద్దని, పరీక్షలు ముందు చేయాలని రాస్తున్నాము. కానీ 48 మందే ఉండాలంటే మిగిలిన పన్నెండుగురిని మేమే బయటికి పంపినట్టవుతుంది. పై హాలులో పని జరిగేటప్పుడు సగం మందిని ఎక్కడ పెట్టాలన్నది కూడా తేలలేదు.

సమాధానం 2 రాసినవారు

ఎవరినీ పంపవద్దు. ఆ పన్నెండుగురి కోసమే రెండో భవనం అడగండి. లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కల ప్రకారమే మన నగర జనాభా 17 లక్షలు దాటింది. పని జరిగే కాలానికి సమీపంలోని ఖాళీ సామాజిక భవనాన్నో, కల్యాణ మండపాన్నో తాత్కాలికంగా ఇవ్వాలనీ, అది సిద్ధమయ్యాకే పై హాలు ఖాళీ చేయించాలనీ, ఖాళీ చేసిన ప్రతి మనిషి పేరు రిజిస్టరులో రాసి తిరిగి వచ్చే మంచం నంబరుతో చీటీ ఇవ్వాలనీ మీ లేఖలో రాయండి. చీటీ లేకపోతే తర్వాత ఎవరు ముందు ఉన్నారో తేల్చడం కష్టం. పగలు నిద్రపోయేవారు మీ దగ్గర చాలామందే ఉంటారు కాబట్టి, కాంక్రీటు చెక్కే పని మొదలైతే కింది హాలులో కూడా పగటిపూట నిద్ర కుదరదు. తాత్కాలిక భవనం చోటు లెక్క వేసేటప్పుడు వారినీ కలపండి.

సమాధానం 1 రాసినవారు

ఒకే మాట చేర్చాలి. కాంట్రాక్టు షరతుల్లో శ్లాబు మరమ్మతుకూ, వాటర్‌ప్రూఫింగ్‌కూ లోపాల బాధ్యత కాలం (లోపం బయటపడితే కాంట్రాక్టరే సరిచేయాల్సిన గడువు) కనీసం మూడు వానాకాలాలు దాటేలా రాయించండి. చెక్కిన చోట ప్రైమరు పూసిన తర్వాత, మోర్టారు వేయకముందు మీ కమిటీ సభ్యుల సమక్షంలో ప్రతి భాగానికీ తేదీతో ఫోటో తీయాలన్న షరతు కూడా పెట్టించండి, ఎందుకంటే మోర్టారు కప్పేశాక తుప్పు తీశారో లేదో ఏ పరీక్షా సులువుగా చెప్పదు. లేఖ ముసాయిదా ఇక్కడ పెడితే సాంకేతిక పదాలు నేను సరిచూస్తాను.