పాత కోకాకోలా ప్రకటనల బార్బీ: కళాఖండమా, మనం డబ్బిచ్చి కొన్న ప్రకటనా?

గాజుబీరువా (చర్చ ప్రారంభం):

మన వేదికలో ఫ్యాషన్ బొమ్మలు సేకరించేవారు చాలామంది ఉన్నారు కనుక, కొంతకాలంగా మనసులో మెదులుతున్న ఒక ప్రశ్నను మీ ముందు ఉంచుతున్నాను. బార్బీ బొమ్మలను తయారు చేసే మాటెల్ సంస్థ 1996లో కోకాకోలా అనుమతితో ‘సోడా ఫౌంటెన్ స్వీట్‌హార్ట్’ అనే బార్బీని విడుదల చేసింది. దాని వెనుకే 1997లో ‘ఆఫ్టర్ ది వాక్’, 1998లో ‘సమ్మర్ డేడ్రీమ్స్’ వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు తొలినాళ్లలో కోకాకోలా ప్రకటనల్లో కనిపించిన స్త్రీల వేషధారణే ఈ మూడింటికీ ఆధారం. మూడూ నా దగ్గర ఉన్నాయి, మూడూ నాకు ఇష్టమే.

మేము అట్లాంటా దగ్గర ఉంటున్నాం. ఈసారి దసరాకు ఇక్కడి తెలుగువారు పెట్టే బొమ్మల కొలువులో నా సేకరణ నుంచి కొన్నింటిని ఉంచమని అడిగారు. కోకాకోలా పుట్టిన ఊరు కాబట్టి ఈ మూడింటినీ ఒక మెట్టు మీద పెడదామని అనుకుంటే, మా మిత్రులలో ఒకరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. పిల్లలు వచ్చే చోట శీతల పానీయపు ప్రకటనను మెట్టెక్కించడం ఏమిటని ఆమె ప్రశ్న. ఇది ఒక కాలపు చిత్రకళను నిలబెట్టిన వస్తువు అని నా వాదన. మీరు ఏమంటారు?

పాత క్యాలెండర్:

గాజుబీరువా గారూ, మీ వాదనతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. కారణాలు కాస్త వివరంగా చెప్పనివ్వండి.

జాన్ పెంబర్టన్ అంతకుముందు ద్రాక్షసారా కలిసిన ఒక టానిక్కును అమ్మేవారు. అట్లాంటాలో మద్యనిషేధం వచ్చిన రోజుల్లో, 1886లో, ఆయన మద్యం లేని పానీయంగా కోకాకోలాను తయారు చేశారు. మొదట అది అమ్ముడైంది మందుల దుకాణంలో ఉండే సోడా కౌంటర్ (సోడా ఫౌంటెన్) దగ్గర, గ్లాసు 5 సెంట్లకు. మర్యాదస్థుల ఇంటి స్త్రీలు సారా దుకాణంలో అడుగు పెట్టలేని ఆ కాలంలో, మగతోడు లేకుండా వెళ్లి కూర్చుని ఏదైనా తాగగలిగిన కొద్ది చోట్లలో సోడా ఫౌంటెన్ ఒకటి. ప్రకటనల్లో చక్కని టోపీ, చేతి తొడుగులు ధరించిన స్త్రీని చూపించడానికి ఇదొక ముఖ్య కారణం. గాయని, నటి హిల్డా క్లార్క్ బొమ్మ 1890ల చివరి నుంచి కొన్నేళ్లపాటు కోకాకోలా క్యాలెండర్ల మీద, రేకు పళ్లేల మీద కనిపించింది. ఆమె తరువాత ఒపెరా గాయని లిలియన్ నార్డికా వచ్చారు. చేతిలో గ్లాసు, పక్కన గులాబీలు, ఎదుటివారిని నేరుగా చూసే కళ్లు: ఆ కాలపు రంగుల అచ్చు పనితనం ఎంత గొప్పదో ఆ పళ్లేలలో ఒకదాన్ని చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. లేసు అంచులోని కన్నాలు కూడా విడివిడిగా కనిపిస్తాయి.

ఇక బొమ్మ విషయానికి వద్దాం. పదకొండున్నర అంగుళాల శరీరానికి ఆ కాలపు పొడవాటి గౌను, వెడల్పాటి అంచు టోపీ, అంత చిన్న కొలతలో మడతలు చెదరకుండా కుట్టడం సామాన్యమైన పని కాదు. ఈకో రిబ్బనో కొంచెం పెద్దదైతే చాలు, వేషం వెంటనే కృత్రిమంగా కనిపిస్తుంది. బొమ్మ దుస్తులు కుట్టే పని నాకు కొంత తెలుసు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. బడులలో ఎవరూ నేర్పని ఒక చరిత్రను, స్త్రీలు బయటికి వచ్చి నలుగురిలో కూర్చోవడం మొదలుపెట్టిన రోజులను, ఈ బొమ్మ మన ఇంట్లోకి తెచ్చింది. కొలువులో తప్పకుండా పెట్టండి.

కౌంటర్ కుర్చీ:

పాత క్యాలెండర్ గారు పనితనం గురించి చెప్పిన ప్రతి మాటా నిజమే. అయితే ఆమె చెప్పిన చరిత్రలో సగమే ఉంది, ఆ సగం కోకాకోలా ప్రకటనల విభాగం ఎంచుకున్న సగం. నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది.

ఆ అందమైన స్త్రీలు క్యాలెండర్ల మీద నవ్వుతున్న రోజుల్లోనే, 1909లో, అట్లాంటా నుంచి టెనెసీలోని చటనూగాకు వెళ్లిన కోకాకోలా సిరప్‌ను, నలభై పెద్ద పీపాలు, ఇరవై చిన్న పీపాలు, అమెరికా ఫెడరల్ ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. అందులో కలిపిన కెఫీన్ ఆరోగ్యానికి హానికరమన్నది ప్రభుత్వ వాదన. ఆ వాదన వెనుక నిలబడినవారు ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్త హార్వీ వైలీ. 1911లో చటనూగాలో విచారణ జరిగింది, 1916లో విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, చివరకు సంస్థ కెఫీన్ తగ్గించడానికి ఒప్పుకుని రాజీ చేసుకుంది. ఆ పానీయాన్ని పిల్లలు కూడా తాగుతున్నారన్న ఆందోళన ఆ వివాదంలో ప్రముఖంగా వినిపించింది. అటువంటి సమయంలో గులాబీల మధ్య కూర్చున్న మర్యాదస్థురాలి చిత్రం ఏ పని చేసిందో ఆలోచించండి. పానీయం మీద ఉన్న అనుమానాన్ని ఆ స్త్రీ మర్యాదతో కడిగివేయడానికి వేసిన చిత్రం అది. కళ ఉన్నది నిజమే, కానీ ఆ కళను నియమించుకున్న పని అది.

రెండవది నాకు ఇంకా ముఖ్యమైనది. మగతోడు లేని స్త్రీకి సోడా ఫౌంటెన్ తలుపులు తెరిచింది అన్నారు. ఏ స్త్రీకి? అమెరికా దక్షిణ రాష్ట్రాలలో, వాటి బయట మరికొన్ని చోట్ల కూడా, అటువంటి కౌంటర్ల దగ్గర నల్లజాతి వారిని కూర్చోనిచ్చేవారు కారు. ఆ ముద్దైన స్టూలు మీద కూర్చుని ఒక గ్లాసు అడిగే హక్కు కోసమే 1958లో కాన్సస్ రాష్ట్రం విచిటాలోని డాకమ్ మందుల దుకాణంలో నల్లజాతి యువతీయువకులు వారాల తరబడి కూర్చుని నిరసన తెలిపారు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు ఊల్‌వర్త్ దుకాణం కౌంటర్ దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఆ కౌంటర్‌లో కొంత భాగం ఇప్పుడు వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర జాతీయ మ్యూజియంలో ఉంది. సోడా ఫౌంటెన్ ప్రియురాలిని మెట్టెక్కించి, ఆ కౌంటర్ గురించి ఒక్క మాట కూడా లేకుండా పిల్లలకు చూపిస్తే, మనం చరిత్రను చూపించినట్టు కాదు. కొలువులో పెట్టవద్దనే నా అభిప్రాయం.

డబ్బా విప్పనిది:

ఒక చిన్న సవరణ మాత్రమే. ఈ బొమ్మలు పిల్లల కోసం తయారైనవి కావు. డబ్బా మీద ‘కలెక్టర్ ఎడిషన్’ అని స్పష్టంగా ఉంటుంది, అమ్మినదీ పెద్దవారికే. నా దగ్గర ఉన్నది ఇప్పటికీ డబ్బాలోనే ఉంది, లోపలి దారపు కట్లు కూడా విప్పలేదు. కొలువులో పెట్టాలంటే డబ్బా విప్పాలి, విప్పితే సేకరణ విలువ పడిపోతుంది. ఎర్ర రంగు పోసిన గుడ్డ ఎక్కువ కాలం వెలుతురులో ఉంటే వెలిసిపోతుంది, ఆ రంగు బొమ్మ వినైల్ (ప్లాస్టిక్) ఒంటికి అంటుకునే ప్రమాదమూ ఉంది. ఈ కారణాల చేతనే పెట్టవద్దంటాను.

గోలీసోడా:

కోకాకోలా 1977లో భారతదేశం విడిచి వెళ్లి 1993లో తిరిగి వచ్చింది. ఆ మధ్యలో పెరిగిన మా తరానికి శీతల పానీయం అంటే థమ్సప్, గోల్డ్ స్పాట్, ఊళ్లో అయితే గోలీసోడా. ఈ బొమ్మలోని పాత రోజుల మీది బెంగ మాది కాదు, అరువు తెచ్చుకున్నది. అది నాకు ఒక వెసులుబాటుగా కనిపిస్తోంది. అమెరికాలో పుట్టి పెరిగిన సేకర్తకు ఆ సోడా ఫౌంటెన్ తాతముత్తాతల జ్ఞాపకం కాబట్టి ప్రశ్నించడం కష్టం. మనకు ఆ మమకారం లేదు కనుక, కౌంటర్ కుర్చీ గారు చెప్పిన సగాన్ని కూడా ఇబ్బంది పడకుండా పక్కన పెట్టి చూపించగలం.

పాత క్యాలెండర్:

కౌంటర్ కుర్చీ గారూ, మీరు చెప్పిన విచారణనూ నిరసనలనూ నేను కాదనను. కానీ ఆ లెక్కన ప్రకటన నుంచి పుట్టిన ఏ బొమ్మనూ మనం దాచుకోకూడదు. అమెరికాలో ప్రకటన బొమ్మలకు నూరేళ్లకు పైగా చరిత్ర ఉంది. క్యాంబెల్ సూప్ ప్రకటనల్లో కనిపించే పిల్లల రూపంలో బొమ్మలు 1910 ప్రాంతంలోనే వచ్చాయి. లీ సంస్థ తన దుస్తులను చూపించడానికి 1920ల నుంచి బడ్డీ లీ అనే బొమ్మను దుకాణాల కిటికీలలో నిలబెట్టింది. ఆ దుస్తుల కుట్టుపని చూసి ఆ కాలపు పనివారు ఏం ధరించేవారో ఈనాడు తెలుసుకుంటున్నాం. అమ్మకం కోసం పుట్టిన వస్తువు కాలం గడిచాక సాక్ష్యంగా మారుతుంది. సాక్షి పక్షపాతి అయినంత మాత్రాన బోనులోంచి దింపేయం కదా.

కౌంటర్ కుర్చీ:

మీరు చెప్పిన వరుసలోనే ఆంట్ జెమీమా గుడ్డ బొమ్మలు కూడా ఉన్నాయి. పాన్‌కేక్ పిండి అమ్మడానికి, తెల్లవారి వంటింట్లో సంతోషంగా ఊడిగం చేసే నల్లజాతి స్త్రీ రూపాన్ని ఇంటింటికీ పంపిన బొమ్మలు అవి. ఆ పేరును, చిత్రాన్ని వదులుకుంటున్నట్టు ఆ సంస్థ ప్రకటించడానికి 2020 దాకా పట్టింది. మాటెల్‌కు కూడా ఈ పాఠం ఎదురైంది: 1997లో ఓరియో బిస్కెట్ల పేరుతో వచ్చిన బార్బీలో నల్లజాతి రూపం కూడా ఉంది. ఆ బిస్కెట్ పేరు నల్లజాతి వారిలో ఒక తిట్టుగా వాడుకలో ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు, విమర్శలు వచ్చాక బొమ్మను వెనక్కి తీసుకున్నారు. ఒక సరుకు పేరును ఒక స్త్రీ శరీరం మీద అచ్చు వేసినప్పుడు ఆ సరుకు చరిత్ర అంతా ఆమె మీదికి వస్తుంది, సంస్థ ఎంచుకున్న భాగం మాత్రమే రాదు.

ఇంకొక తేడా కూడా ఉంది. బడ్డీ లీ ప్రకటనగా ఉన్నప్పుడు ప్రకటనగానే దుకాణంలో నిలబడింది, సాక్ష్యంగా మారింది తరువాత. 1996 నాటి బార్బీ మొదటి రోజు నుంచే ‘పాత జ్ఞాపకం’ అనే వేషం వేసుకుని వచ్చింది. అది 1900ల నాటి సాక్ష్యం కాదు. 1990లలో ఒక సంస్థ తన గతాన్ని ఎలా గుర్తుంచుకోమని మనల్ని కోరిందో, దానికి సాక్ష్యం. అలా చూపిస్తే నాకు అభ్యంతరం లేదు.

గాజుబీరువా:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కౌంటర్ కుర్చీ గారి చివరి మాట నా ఆలోచనను మార్చింది. మూడింటినీ కాక ‘సోడా ఫౌంటెన్ స్వీట్‌హార్ట్’ ఒక్కదానినే పెడతాను. పక్కన ఒక అట్ట మీద మూడు విషయాలు తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉంచుతాను: బొమ్మ తయారైన సంవత్సరం, చటనూగా విచారణ, గ్రీన్స్‌బరో కౌంటర్. అక్షరాలు పదేళ్ల పిల్లలు చదవగలిగేంత పెద్దవిగా ఉంటాయి. డబ్బా విప్పనిది గారూ, మీ హెచ్చరికను పాటించి ఎండ తగలని పక్క మెట్టు ఎంచుకుంటాను. డబ్బా మాత్రం విప్పుతాను.

పాత క్యాలెండర్:

అట్ట పెట్టడం నాకూ సమ్మతమే. అయితే సోడా ఫౌంటెన్‌కు ఒంటరిగా వెళ్లగలిగిన స్త్రీ గురించి కూడా అందులో ఒక వాక్యం ఉండాలి. ఆ స్వేచ్ఛ కొందరికే దక్కిందని రాయండి, కానీ దక్కలేదని రాయకండి.

కౌంటర్ కుర్చీ:

ఆ వాక్యం ఉండవలసిందే, ఒప్పుకుంటున్నాను. ఒక మాట మిగిలింది. ఆ వరుసలోని మూడు బొమ్మలూ తెల్లజాతి స్త్రీలే. కోకాకోలా 1955లో మొదటిసారి ఒక నల్లజాతి యువతిని, అట్లాంటాలో చదువుకుంటున్న విద్యార్థినిని, తన ప్రకటనలో చూపించింది. ఆ ప్రకటన ఆధారంగా బొమ్మ వస్తే నేను డబ్బు పెట్టి కొంటాను. అది ప్రకటన కాదని మాత్రం అప్పుడు కూడా అనను.