టోర్నీ బ్యానరుకు ఏ వచనం? – ‘పందెపు రంగము’, ‘జెట్టి’, ‘చచ్చినోడు బతకడం’

పెన్నా ఒడ్డు (కడప):
అందరికీ నమస్కారం. మా సంఘం యూత్ తరఫున క్రిస్మస్ ముందర కబడ్డీ టోర్నీ పెడుతున్నాం. చుట్టుపక్కల ఊర్ల జట్లు వస్తాయి, అన్ని మతాల పిల్లోళ్లూ ఆడతారు. బ్యానరు మీదికి బైబిల్లోని 1 కొరింథీయులకు 9:24 వచనం అనుకున్నాం: “పందెపు రంగమందు పరుగెత్తువారందరు పరుగెత్తుదురు గాని యొక్కడే బహుమానము పొందునని మీకు తెలియదా?”

రెండు పేచీలు వచ్చినాయి. ‘పందెపు రంగము’ అంటే జనం కోడిపందేల బరి అనుకుంటారని సంఘ పెద్ద ఒకాయన అడ్డం పడినాడు. నవ్వుతానే అన్నాడు గానీ వదల్లేదు. రెండోది మా పాస్టరు గారిది. “ఒక్కడే అని పెద్దక్షరాలతో వేస్తిరి, రక్షణ కూడా ఫస్టు వచ్చినోడికేనా అని ఎవరైనా అడిగితే ఏం చెప్తావ్?” అన్నారు. నాకు జవాబు తోచలేదు. భాష తెలిసినవాళ్లు తేల్చండి. దేవుడున్నాడా లేడా అనే గొడవ మాత్రం ఇక్కడ వద్దు.

ఉగ్గాని బజ్జీ:
కోడిపందేలనుకోని పోలీసులు వస్తే మంచిదే గదన్నా. జట్టు తక్కువైతే వాళ్లనే దింపొచ్చు.

కొండారెడ్డి బురుజు (కర్నూలు):
పెద్దాయన అనుమానం తప్పని అనను. ‘పందెం’ అంటే ఒడ్డిన సొమ్మూ అవుతుంది, పోటీ కూడా అవుతుంది. ఇప్పుడు మొదటి అర్థమే ఊళ్లలో ముందు తడుతోంది. కానీ బళ్లలో ‘పరుగుపందెం’ ఇంకా బతికే ఉంది, దాన్ని జూదం అని ఎవరూ అనుకోరు. ‘రంగము’ అంటే యుద్ధరంగం, రంగస్థలంలో ఉన్న రంగమే, ఆడే చోటు. పాత తర్జుమా చేసినవాళ్లు మంచి మాటే వేశారు.

పాస్టరు గారి ప్రశ్నకు తొమ్మిదో తరగతి అలంకారాల పాఠం చాలు. ఉపమలో ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం అని నాలుగుంటాయి గదా. మీరు సగం వచనమే వేశారు. మిగతా సగం “అటువలె మీరు బహుమానము పొందునట్లుగా పరుగెత్తుడి”. ‘అటువలె’ ఉపమావాచకం. సమాన ధర్మం ఏమిటి? పరుగెత్తే తీరు. గెలిచేవాళ్ల లెక్క కాదు. పైగా ‘మీరు’, ‘పరుగెత్తుడి’ రెండూ బహువచనాలు. తర్వాతి వచనం చూడండి, “మనమైతే అక్షయమగు కిరీటమును పొందుటకును” అంటాడు, కొరింథు సంఘానికి ఈ ఉత్తరం రాసిన పౌలు. అక్కడా ‘మనము’. ముఖం చంద్రుడిలా ఉందంటే ముఖం మీద మచ్చ వెతకము గదా. ఉపమానంలోని ప్రతి వివరాన్నీ ఉపమేయం మీద రుద్దితే ఏ కావ్యమూ మిగలదు, ఏ ప్రసంగమూ మిగలదు.

పెన్నా ఒడ్డు:
సార్, ఇది మా పాస్టరు గారికి చూపించినా. “మాస్టారు బాగా చెప్పినారు, కానీ బ్యానరు చదివేటోడు అలంకారశాస్త్రం చదివి రాడు” అన్నారు.

హంద్రీ (కర్నూలు):
మాస్టారి మాటకు కొంచెం చేర్పు. నేను వేదాంత కళాశాలలో గ్రీకు చదువుకున్నాను. మూలంలో ‘పందెపు రంగము’ ఉన్నచోట ‘స్టాడియోన్’ ఉంది. స్టేడియం అనే మాట అక్కణ్ణించి వచ్చిందే. అది దూరం కొలత కూడా, వాళ్ల లెక్కలో 600 అడుగులు. కొరింథు పట్టణానికి తూర్పున ఇస్త్మియాలో రెండేళ్లకోసారి ఆటలు జరిగేవి, పేరులో ఒలింపిక్స్ తర్వాత చెప్పుకునేంత పెద్దవి. పౌలు క్రీ.శ. 51 ప్రాంతంలో ఆ ఊళ్లో ఏడాదిన్నర ఉన్నాడు. అపొస్తలుల కార్యములు 18లో ఉంది చూడండి, డేరాలు కుట్టుకుంటూ బతికాడు. కాబట్టి “మీకు తెలియదా?” అని ఊరికే అనలేదు, వాళ్ల ఊరి తిరునాళ్ల సంగతే వాళ్లకు గుర్తు చేస్తున్నాడు. ఆ ఆటల్లో రెండో బహుమతి, మూడో బహుమతి ఉండేవి కావు. ‘ఒక్కడే’ అన్నది అక్కడి ఆనవాయితీ, సిద్ధాంతం కాదు.

నాకు అసలు అడ్డం పడేది ‘కిరీటము’. గ్రీకులో రెండు మాటలున్నాయి. రాజు పెట్టుకునేది ‘డియాడెమా’, ఆటలో గెలిచినవాడికి చుట్టేది ‘స్టెఫానోస్’. తెలుగులో రెండింటికీ కిరీటమే. ఇస్త్మియాలో ఇచ్చేది ఆకులతో అల్లింది, దేవదారు జాతి కొమ్మలతోనో అడవి ఆకుకూరతోనో. ‘క్షయమగు కిరీటము’ అంటే మన వీధినాటకంలో అట్టకిరీటం గుర్తుకొస్తుంది, అది వాడిపోదు గదా! ఆకులదండ అనుకుంటే తప్ప ‘క్షయమగు’ అన్న మాటకు ప్రాణం రాదు. 2 తిమోతి 4లో ‘నీతికిరీటము’ కూడా ఈ స్టెఫానోసే. “మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడ ముట్టించితిని” అన్న వెంటనే వస్తుంది. సింహాసనం ఎక్కినవాడి మాట కాదు, గీత దాటి ఆయాసపడేవాడి మాట.

ఇంకొకటి. 1 కొరింథీ 9 చివర “ఇతరులకు ప్రకటించిన తరువాత నేనే భ్రష్టుడనైపోదునేమో” అన్నాడు. ‘భ్రష్టుడు’ అనగానే మనకు కులభ్రష్టుడు, యోగభ్రష్టుడు తడతారు, మాట బరువెక్కిపోతుంది. మూలంలో ఉన్నది పరీక్షకు నిలవనివాడు అని. ఆటలో అయితే డిస్‌క్వాలిఫై. ఆటల్లో పేర్లు చాటే దండోరావాడు ఉంటాడు. ‘ప్రకటించిన’ అన్న క్రియ అతని పనికీ వాడే మాటే.

ఉగ్గాని బజ్జీ:
అక్కా, మా వీధి ప్రసంగీకుడు దేవుణ్ణి థర్డ్ అంపైర్ అంటాడు. 2024లో అనంతపురంలో దులీప్ ట్రోఫీ ఆడినప్పటినుంచి ప్రతి ఆదివారం క్రికెట్టే. పాపం అంటే నోబాల్, ఫ్రీ హిట్ అంటే సాతాను. దీనికి గ్రీకులో ఏమన్నా ఉందా?

హంద్రీ:
గ్రీకులో లేదు గానీ మన 2 తిమోతి 2:5లో ఉంది. “జెట్టియైనవాడు పోరాడునప్పుడు, నియమప్రకారము పోరాడకుంటే వానికి కిరీటము దొరకదు.” నోబాల్ అక్కడ సరిపోతుంది.

కొండారెడ్డి బురుజు:
ఈ ‘జెట్టి’ ఎంత చక్కటి మాటో! హంద్రీ గారూ, మూలంలో మల్లయోధుడనే ఉందా?

హంద్రీ:
లేదు మాస్టారూ. ‘ఎవడైనా పోటీలో దిగితే’ అని క్రియ మాత్రమే. అథ్లెట్ అనే మాటకు మూలమైన క్రియ అది. జెట్టిని తెచ్చింది తెలుగువాళ్లే.

కొండారెడ్డి బురుజు:
అయితే ఇంకా మెచ్చుకోవాలి. జెట్టి అంటే మల్లుడు, కుస్తీవస్తాదు. కన్నడంలోనూ ఉంది, మైసూరు కొలువులో జెట్టీలు పేరుమోసినవాళ్లు. ఆదోని వైపు పహిల్వాన్ అన్న మాటే నిలిచింది, జెట్టి ఇంటిపేర్లలోకి ఊర్లపేర్లలోకి పోయి దాక్కుంది. 1 తిమోతి 4లో “దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము” అని ఉంది. ‘సాధకము’ గరిడీ మాట, అంటే కసరత్తుశాల మాట. గరిడీలో సాధకం చేయడం అని మా నాయన తరం అనేది. ఈ తర్జుమాలో ఇట్లాంటి మట్టివాసన మాటలు బోలెడు. గ్రాంథికం అని పక్కన పెట్టేవాళ్లు వాటిని చూడరు.

గుత్తి కోట (అనంతపురం):
సార్ వాళ్లకు నమస్కారం. నేను పీఈటీని. ఇంతసేపూ చదువుతాండా. మీరంతా పరుగు, కుస్తీ అంటాండారు. పెన్నా అన్నా, నువ్వు పెట్టేది కబడ్డీ గదా! కబడ్డీ భాషలో ఎవురూ మాట్లాడరేంది?

మా పక్క చెడుగుడులో ఔట్ అయినోణ్ణి ఔట్ అనరు, ‘సచ్చినాడు’ అంటారు. సచ్చినోడు గీత బయట కూసుంటాడు. వాడు ఎంత మొనగాడైనా, ఎంత ఎగిరినా, అరిసినా వాడంతట వాడు లోపలికి రాలేడు. జట్టులోని ఇంకొకడు కూతకు పోయి అవతలోణ్ణి తాకి గీత దాటి రావల్ల, లేదంటే కూతకొచ్చిన అవతలోణ్ణి జట్టు పట్టల్ల. అప్పుడు వీడు ‘బతికినాడు’. రూల్ బుక్కులో దీన్ని రివైవల్ అంటారు. అవతల ఒకడు సస్తే ఇవతల ఒకడు బతుకుతాడు, ముందు సచ్చినోడు ముందు. నేను బళ్లో పిల్లోళ్లకు చెప్పేటప్పుడు కూడా ‘రివైవ్’ అంటే మొహాలు చూస్తారు, ‘బతికినావ్ పోరా’ అంటే దుంకుతారు.

నేను చర్చికి పోయేటోణ్ణి కాదు. కానీ రక్షణ అంటే మీ లెక్కలో ఏంది? మనిషి తనంతట తాను సంపాయించుకునేది కాదు, ఇంకొకడు తెచ్చిపెట్టేది, అంతే గదా? దానికి పరుగుపందెం ఎట్ల కుదురుతాది? పరుగులో ఎవుని కాళ్లు వాడివి. ఇది చెడుగుడు ముచ్చట.

హంద్రీ:
గుత్తి కోట గారూ, మీరు చర్చికి రాకుండానే ఎఫెసీయులకు 2:5 చెప్పేశారు. “మనము మన అపరాధములచేత చచ్చినవారమై యుండినప్పుడు సయితము” అని మొదలై, “మనలను క్రీస్తుతోకూడ బ్రదికించెను. కృపచేత మీరు రక్షింపబడియున్నారు” అని ఉంది. చచ్చినవారు, బ్రదికించెను. మీ మాటలు రెండూ అందులోవే.

నాకు ఇప్పుడు ఇంకోటి తడుతోంది. రోమా 9:16 మన బైబిల్లో “పొందగోరువానివలననైనను, ప్రయాసపడువానివలననైనను కాదు గాని, కరుణించు దేవునివలననే అగును”. ఈ ‘ప్రయాసపడువాడు’ మూలంలో ‘పరుగెత్తేవాడు’. అంటే కొరింథువాళ్లను పరుగెత్తండి అన్న మనిషే రోమావాళ్లకు పరుగెత్తినంత మాత్రాన అయ్యేది కాదని రాశాడు. తెలుగులో పరుగు ప్రయాస అయిపోయేసరికి ఈ రెండు వచనాలు ఒకదాన్నొకటి చూసుకునే వీలు లేకుండా పోయింది. పౌలు పరుగు అన్నచోటల్లా బతికినవాడి పరుగే. గలతీయులకు “మీరు బాగుగా పరుగెత్తుచుంటిరి” అన్నా, ఫిలిప్పీయులకు “గురి యొద్దకే పరుగెత్తుచున్నాను” అన్నా, వింటున్నవాళ్లు అప్పటికే సంఘంలో ఉన్నవాళ్లు. బయట కూర్చున్నవాణ్ణి పరుగెత్తి లోపలికి రమ్మని ఎక్కడా అనలేదు. మన ప్రసంగాల్లో ఈ రెండూ కలిపేస్తారు, అందుకే పాస్టరు గారికి ఆ ప్రశ్న వచ్చింది.

ఉగ్గాని బజ్జీ:
పీఈటీ సార్, ఒక చిక్కు. లోనా పడితే? జట్టంతా సచ్చిపోతే ఎవుడూ కూతకు పోకుండానే అందరూ లేచొస్తారు గదా. అప్పుడు రక్షణ ఫ్రీనా?

గుత్తి కోట:
ఫ్రీ యాడ స్వామీ! అవతలోళ్లకు రెండు పాయింట్లు అదనంగా పోతాయి. ఇంకో మాట చెప్తా విను, అది మీ వాదానికి పనికొస్తాది. బోనస్ గీత దాటితే పాయింటు వస్తాది గానీ ఆ పాయింటుకు సచ్చినోడు ఎవుడూ లేవడు. స్కోరు పెరుగుతాది, మనిషి అట్నే బయట కూసోనుంటాడు. పుణ్యం కట్టుకుంటే సాలు అనేటోళ్లకు ఇది సెప్పండి.

కొండారెడ్డి బురుజు:
బోనస్ దాకా బాగుంది. లోనా దగ్గర ఆపండి. ఇంతకుముందు చంద్రుడి మచ్చ గురించి చెప్పింది ఇందుకే. ఇంకాసేపు ఉంటే టైమవుటు అంటే ఏ సిద్ధాంతమో కూడా తేలుస్తారు మీరు.

హంద్రీ:
ఒక్కటి మాత్రం ఒప్పుకుంటా మాస్టారూ. అవతలి గడిలోకి ఊపిరి బిగబట్టి ఒక్కడే పోయి రావడం, ఆ ‘ఒక్కడే’ మీద ప్రసంగం చెప్పొచ్చు. కొరింథు ‘ఒక్కడే’ కంటే అది నయం.

పెన్నా ఒడ్డు:
అందరికీ వందనాలు. రాత్రి కమిటీలో పెట్టినా. ఎఫెసీ 2:5 పాస్టరు గారికి భలే నచ్చింది, కానీ సంఘ పెద్ద మళ్లీ అడ్డం. “క్రిస్మస్ పూట ‘చచ్చినవారమై’ అని, పైన కెప్టెన్ల ఫొటోలు వేస్తే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ అనుకుంటారు” అన్నాడు. ఈసారి నాకూ ఆయనే కరెక్టనిపించింది. ఆఖరికి బ్యానరు మీద జెట్టి వచనం వేస్తున్నాం, టోర్నీకి నియమాల మాట ఎట్లాగూ కావాల్సిందే. ఎఫెసీ వచనం ఫైనల్ రోజు ప్రసంగానికి. ఆ మధ్యాహ్నం పీఈటీ సార్ చెప్పిన సచ్చినోడు–బతికినోడు ముచ్చట కూడా పెట్టుకుంటామన్నారు పాస్టరు గారు. ఫ్లెక్సీ షాపతను ‘జెట్టి’ని ‘జట్టు’ అని కొట్టినాడు, దిద్దించినా. ‘జట్టుయైనవాడు’ అని మొదటి ప్రూఫు ఉంది నా ఫోన్లో, కావాలంటే పెడతా.

కొండారెడ్డి బురుజు:
పెట్టండి. ‘నియమప్రకారము’ను విడదీశాడేమో కూడా చూసుకోండి, అది ఒకే సమాసం.

గుత్తి కోట:
అన్నా, మా బడి జట్టును తోలుకొస్తా. మట్టి కోర్టా, మ్యాటా? మ్యాటైతే ముందే చెప్పు, మా పిల్లోళ్లలో సగంమందికి బూట్లు లేవు.