దాతగా సంతకం పెట్టింది నేను, చివరి మాట మాత్రం ఇంట్లోవాళ్లదా?

తూనీగ:
పోయిన నెల అవయవదానానికి పేరు నమోదు చేసుకున్నాను. పది నిమిషాల పని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అమ్మ దగ్గర చావు మాట ఎత్తితేనే కోపం వస్తుంది. తర్వాత నిబంధనలు చదువుతుంటే తెలిసింది, చాలా దేశాల్లో నేను సంతకం పెట్టినా సరే, ఆ సమయానికి దగ్గరివాళ్లు వద్దంటే డాక్టర్లు ఆగిపోతారట. ఇదెక్కడి న్యాయం? నేను వీలునామా రాస్తే మా అన్న దాన్ని కొట్టేయలేడు కదా, మరి నా కిడ్నీల విషయంలో నా మాట ఎందుకు చెల్లదు? అమెరికాలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు బతికుండగా నమోదు చేసుకుంటే చట్టప్రకారం ఆ సమ్మతే చాలు, కుటుంబం దాన్ని రద్దు చేయలేదు. అన్నిచోట్లా అలాగే ఉండాలని నా వాదన. మీరేమంటారు?

మూడోమెట్టు:
వీలునామాతో పోలిక కుదరదండి. వీలునామా తీసి చదివేది అన్నీ అయిపోయాక, తీరిగ్గా. ఇది అడిగేది ఐసీయూ బయట, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉండగానే. మా తమ్ముడు బైక్ మీద నుంచి పడ్డాడు, మూడో రోజు బ్రెయిన్ డెడ్ అన్నారు. అద్దంలోంచి చూస్తే ఛాతీ లేస్తోంది, దిగుతోంది, మానిటర్ మీద గుండె కొట్టుకుంటోంది. అలాంటప్పుడు ఒకావిడ వచ్చి, చాలా మర్యాదగానే, "మీ అబ్బాయి ఎప్పుడైనా అవయవదానం గురించి ఏమైనా అన్నాడా" అని అడిగారు. నాన్న నా వైపు చూశారు. నాకూ తెలియదు. తెలియనప్పుడు నోటికి వచ్చేది "వద్దు" అనే మాటే, అదే అన్నాం. కొన్ని నెలలయ్యాక వాడి స్నేహితుడు చెప్పాడు, "నాకేమైనా అయితే అన్నీ ఇచ్చేయండ్రా" అని వాడు వాళ్లతో అంటుండేవాడట. మాతో అనలేదు. మీరు చట్టం గురించి అడుగుతున్నారు గానీ నా మనసు మీ అమ్మగారి మీదికే పోతోంది.

సగంచదివినపుస్తకం:
నాకు అసలు నమోదు చేసుకోవడం మీదే నమ్మకం లేదు. నేను దాతనని తెలిస్తే నన్ను బతికించడానికి అంతే గట్టిగా ప్రయత్నిస్తారా? కోమాలోంచి లేచినవాళ్ల గురించి వింటూనే ఉంటాం కదా. పైగా తూనీగ గారు కోరినట్టు ఏడుస్తున్న తల్లిని పక్కకి జరిపి ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లారనుకోండి, ఆ కబురు విన్నవాళ్లలో ఎంతమంది తమ పేరు తీసేయించుకుంటారో ఆలోచించండి.

ఐసీయూ_రాత్రిడ్యూటీ:
నేను ఐసీయూలో నర్సుని. కోమా వేరు, బ్రెయిన్ డెత్ వేరు, ఈ రెండూ కలిపేయడం వల్లే సగం భయాలు. కోమాలో మెదడు ఇంకా ఎంతో కొంత పనిచేస్తుంటుంది. బ్రెయిన్ డెత్‌లో అది పూర్తిగా ఆగిపోయింది, తిరిగి రాదు, గుండె కొట్టుకుంటున్నది వెంటిలేటర్ ఇస్తున్న ఆక్సిజన్ వల్ల. దాన్ని తేల్చడానికి ముందు మత్తుమందుల ప్రభావం లేదని, ఒళ్లు మరీ చల్లబడలేదని చూస్తారు. తర్వాత కంట్లో లైటు వేస్తారు, కనుగుడ్డును దూదితో తాకుతారు, చెవిలో చల్లటి నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో చూస్తారు. ఆఖరున వెంటిలేటర్ తప్పించి, ఆక్సిజన్ మాత్రం ఇస్తూ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా సొంతంగా ఒక్క ఊపిరైనా తీసుకుంటారేమో అని కనిపెట్టుకుని ఉంటారు. ఆ నిమిషాల్లో గదిలో ఎవరూ మాట్లాడరు. చికిత్స చేసే డాక్టర్లు వేరు, అవయవాలు తీసే బృందం వేరు, మరణాన్ని నిర్ధారించడంలో ఆ బృందానికి పాత్ర ఉండదు.

ఇంకో మాట. ఇలా వెంటిలేటర్ మీద పోయేవాళ్లు మొత్తం మరణాల్లో చాలా తక్కువ, అందుకే ఒక్క "వద్దు" కూడా బరువే. కార్నియా, అంటే కంటి ముందుభాగంలో ఉండే పారదర్శకమైన పొర, అలా కాదు, గుండె ఆగి ఇంట్లో పోయినా కొన్ని గంటల్లోపు తీయవచ్చు, కళ్లద్దాలు ఉన్నా ఫరవాలేదు.

ఇక చట్టం సంగతి. స్పెయిన్‌లో 1979 నుంచి, బతికుండగా వద్దనని వాళ్లందరినీ చట్టం దాతలుగానే లెక్కిస్తుంది. అయినా అక్కడ కుటుంబాన్ని అడగకుండా ముట్టుకోరు. అవయవదానంలో ఆ దేశం ఏళ్ల తరబడి ముందుండటానికి కారణం చట్టం కన్నా, ఆసుపత్రుల్లో కుటుంబంతో కూర్చుని మాట్లాడటానికి శిక్షణ పొందిన కోఆర్డినేటర్లు ఉండటమేనని అక్కడివాళ్లే చెబుతారు. నేను చూసినంతలో, "మా నాన్న ఇదే కోరుకున్నారు" అని తెలిసిన కుటుంబానికి కోఆర్డినేటర్ పెద్దగా చెప్పాల్సిందేమీ ఉండదు.

తూనీగ:
నా వాదన మార్చుకోలేదు, సంతకానికి విలువ ఉండాలి. కానీ మూడోమెట్టు గారు రాసింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే అమ్మకి చెప్పేశాను. అరుస్తుందనుకున్నా. అరవలేదు. కాసేపాగి "నొప్పి తెలుస్తుందా" అంది. తెలియదమ్మా అన్నా. "ముఖం చూసుకోనిస్తారా మాకు?" అంది. మామూలు ఆపరేషన్ లాగే కుట్లు వేసి అప్పగిస్తారని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా, చివరికి "ఏమైనా ఇచ్చుకో గానీ కళ్లు మాత్రం వద్దే" అంది. నేను నమోదు చేసుకున్న చోట ఏవి ఇవ్వాలో మనమే ఎంచుకోవచ్చు. కళ్ల దగ్గర టిక్కు తీసేయనా?

మూడోమెట్టు:
ఇప్పుడే తీయకండి. కళ్లే ఎందుకు వద్దంటున్నారో నెమ్మదిగా ఇంకోసారి అడగండి, మొత్తం కళ్లు పోయి గుంటలు కనిపిస్తాయని భయపడుతున్నారేమో, అలా కనిపించకుండా సర్దే అప్పగిస్తారని చెప్పండి. అప్పటికీ వద్దంటే తీసేయండి. అడిగేటప్పుడు మీ అన్నని కూడా కూర్చోబెట్టండి, ఆ రోజంటూ వస్తే ఆవిడ పక్కన నిలబడాల్సింది ఆయనే కదా.