ది కార్స్ అంటే రిక్ ఒకాసెక్ ఒక్కడేనా?

పాతరికార్డు:
ఏటా సెప్టెంబర్ 15 రాగానే, ది కార్స్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌కి పాటలు రాసి పాడిన రిక్ ఒకాసెక్‌కి నివాళి పోస్టులు మొదలవుతాయి. 2019లో అదే రోజు న్యూయార్క్‌లో, తన ఇంట్లో, 75 ఏళ్ల వయసులో గుండె జబ్బుతో పోయాడు. నివాళి పెట్టాల్సిందే, ఎన్ని పెట్టినా తక్కువే. నా గొడవ వేరే. ఈసారి ఇక్కడ వచ్చిన పోస్టుల్లో సగం "ది కార్స్ గాయకుడికి జోహార్లు" అని రాసి, కింద 'డ్రైవ్' పాట లింకు ఇచ్చాయి. డ్రైవ్ పాడింది రిక్ కాదు, బెంజమిన్ ఓర్. 'జస్ట్ వాట్ ఐ నీడెడ్' పాడింది అతనే, 'లెట్స్ గో' పాడిందీ అతనే. ఓర్ 2000 అక్టోబర్ 3న క్లోమ క్యాన్సర్‌తో చనిపోయాడు. అతని పేరు ఒక్క పోస్టులోనూ లేదు.

కొత్తవాళ్ల కోసం కాస్త నేపథ్యం. 1976లో బోస్టన్‌లో మొదలైన బ్యాండ్ ఇది. రిక్ పాటలు రాసి, పాడి, రిథమ్ గిటార్ వాయించేవాడు. ఓర్ బేస్ వాయిస్తూ పాడేవాడు. ఇలియట్ ఈస్టన్ లీడ్ గిటార్, గ్రెగ్ హాక్స్ కీబోర్డులు, డేవిడ్ రాబిన్సన్ డ్రమ్స్. రిక్, ఓర్ అంతకు చాలా ముందే, అరవైల్లో, ఓహాయోలో కలిశారు. మిల్క్‌వుడ్ పేరుతో జానపద ధోరణిలో ఒక ఆల్బమ్ వేస్తే ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత క్యాప్న్ స్వింగ్ అని ఇంకో బ్యాండ్ పెట్టారు, అదీ నిలబడలేదు. అంటే పదేళ్లకు పైగా ఇద్దరూ కలిసే దెబ్బలు తిన్నారు.

నా మాట సూటిగా చెబుతాను. ది కార్స్ ఒక కలం, రెండు గొంతుల బ్యాండ్. ఓర్ పోయిన తర్వాత 2011లో వచ్చిన 'మూవ్ లైక్ దిస్' మీద కార్స్ పేరు ఉన్నా, నా లెక్కలో అది పాత మిత్రులతో రిక్ చేసిన సోలో ఆల్బమ్. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

ఆరోతీగ:
పాతరికార్డు గారూ, ఓర్ పేరు మర్చిపోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ అక్కడినుంచి మీరు చాలా దూరం వెళ్లిపోయారు.

పాటను పాడినవాళ్ల పేరుతో గుర్తుపెట్టుకోవడం మన తెలుగువాళ్లకు సినిమా నేర్పిన అలవాటు. ఘంటసాల పాట అంటాం, బాలు పాట అంటాం. రాసినవాళ్ల పేరు చెప్పమంటే పదిమందిలో ఇద్దరు చెబుతారు. ఆ కొలత ఇక్కడికి తెస్తే లెక్క తప్పుతుంది. కార్స్ పాటలు దాదాపు అన్నీ రిక్ రాసినవే, ట్యూన్ అతనిదే, ఆ వింత మాటల పోకడ అతనిదే. ప్రేమ పాటలా మొదలై మధ్యలో ఎక్కడో చల్లగా గుచ్చే ఆ ధోరణి రాతలోనే ఉంది. ఓర్ అందంగా పాడాడు, సందేహం లేదు. అయితే రిక్ రాయకపోతే అతను పాడడానికి ఏమీ ఉండేది కాదు.

ఇంకోటి. రిక్ ప్రభావం కార్స్‌తో ఆగలేదు. బ్యాడ్ బ్రెయిన్స్ అనే పంక్ బ్యాండ్ వాళ్ల 'రాక్ ఫర్ లైట్' 1983లో ప్రొడ్యూస్ చేసింది అతనే. వీజర్ అనే రాక్ బ్యాండ్ వాళ్ల మొదటి ఆల్బమ్, అందరూ బ్లూ ఆల్బమ్ అనే ఆ 1994 రికార్డు, అతని చేతుల్లోనే తయారైంది. ఆ కుర్రాళ్లతో గిటార్లలో బ్రిడ్జ్ పికప్, అంటే తీగల చివర దగ్గర శబ్దాన్ని పట్టే పరికరం, వాడించాడు. బొద్దుగా మోగే శబ్దం పోయి, పదునైన మెరుపు వచ్చింది. వినండి, కార్స్ వాసన తెలుస్తుంది. ఆ పదును వెంటపెట్టుకుని తిరిగింది రిక్ కాదా?

శ్రీలత_కీస్:
ఇద్దరూ రిక్, ఓర్ చుట్టూనే తిరుగుతున్నారు. నేను కీబోర్డు వాయిస్తాను కాబట్టి నా చెవి వేరే చోటికి పోతుంది.

'జస్ట్ వాట్ ఐ నీడెడ్' మొదటి పది సెకన్లు వేసుకోండి. గిటార్ తీగను అరచేత్తో నొక్కిపట్టి ఒకే స్వరాన్ని టకటకా కొడుతుంటారు, మధ్యలో బ్యాండంతా ఒక్కో దెబ్బ వేసి ఆగుతుంది. అక్కడిదాకా మామూలు రాక్ పాటే. ఆ తర్వాత హాక్స్ సింథసైజర్ లైను పైనుంచి దూకుతుంది. ఒక చిన్న మెలోడీ, ఎవరైనా ఒక్కసారి వింటే హమ్ చేయగలిగేది. ఆ క్షణంలోనే ఈ పాట 1978కి చెందిందైపోయింది. 'మై బెస్ట్ ఫ్రెండ్స్ గర్ల్' చూడండి. చప్పట్లు, దాని మీద ఈస్టన్ వాయించిన యాభైల నాటి రాకబిలీ (తొలినాళ్ల రాక్ అండ్ రోల్ ధోరణి) బిట్. పాత రాక్ అండ్ రోల్ అభిమానులూ, పంక్ కుర్రాళ్లూ ఇద్దరూ ఒకే బ్యాండ్ రికార్డులు కొనుక్కోవడానికి కారణం ఈ అతుకు వేయడమే. ఆ అతుకు వేసిన చేతులు హాక్స్‌వి, ఈస్టన్‌వి.

బ్యాండ్‌కి పేరు సూచించింది డ్రమ్మర్ రాబిన్సన్ అని మర్చిపోకండి. కవర్ల డిజైన్ చూసుకున్నదీ అతనే. మాడర్న్ లవర్స్ అనే బోస్టన్ బ్యాండ్‌లో వాయించి వచ్చినవాడు, బోస్టన్ పంక్‌తో ఈ బ్యాండ్‌కి ఉన్న బంధుత్వం అతని ద్వారానే. లండన్ ఎయిర్ స్టూడియోస్‌లో మొదటి ఆల్బమ్ చేయించిన రాయ్ థామస్ బేకర్ మాటేమిటి? క్వీన్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌కి పనిచేసిన మనిషి. 'గుడ్ టైమ్స్ రోల్' కోరస్‌లో గొంతుల మీద గొంతులు పేర్చి గోడ కట్టాడు. ఆ గోడ రిక్ కలంలో లేదు.

కేంబ్రిడ్జ్_తెలుగు:
బోస్టన్ పక్కనే ఉంటాను కాబట్టి ఒక మాట. ఇక్కడ పాతతరం వాళ్లు కార్స్ గురించి మాట్లాడితే ముందు డబ్ల్యూబీసీఎన్ అనే ఇక్కడి రేడియో స్టేషన్ గురించే చెబుతారు. 1977లో రికార్డు కంపెనీ ఒప్పందం కూడా లేనప్పుడు, మ్యాక్సాన్ సార్టోరి అనే డీజే వీళ్ల డెమో టేపు పదేపదే వేసింది. ఆ టేపులో ఊరిని పట్టేసిన పాట జస్ట్ వాట్ ఐ నీడెడ్. అంటే బోస్టన్ ముందు విన్నది ఓర్ గొంతు. ఆరోతీగ అన్నా, రాసింది రిక్ అన్నది నిజమే, కానీ తలుపు తెరిచిన గొంతు ఎవరిదో కూడా చెప్పాలి కదా.

డ్రైవ్ గురించి కూడా చెప్పాలి. 1984లో అమెరికా చార్టుల్లో 3వ స్థానం దాకా వెళ్లింది, వీళ్ల పాటల్లో అంత పైకి ఇంకేదీ పోలేదు. మరుసటి ఏడాది జూలైలో, ఇథియోపియా కరవు బాధితుల కోసం జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీ రోజున, లండన్ వెంబ్లీ స్టేడియంలో గాయకుడు డేవిడ్ బోవీ తన పాటలు ముగించి ఒక వీడియో వేయించాడు. ఇథియోపియా కరవు దృశ్యాలు, ఎముకల గూళ్లలాంటి పసిపిల్లలు, వెనక డ్రైవ్. విడిపోతున్న ఒక జంట గురించి రాసుకున్న పాట అది. నిన్ను ఇంటికి ఎవరు తీసుకెళ్తారు అని అడిగే ఆ పాట ఆకలితో పడిపోతున్న పిల్లల మీద పడేసరికి అర్థమే మారిపోయింది. ఓర్ ఎక్కడా గొంతు పెంచడు, ఏడవడు, బతిమాలడు. ఆ నిగ్రహం లేకపోతే ఆ దృశ్యాల పక్కన పాట నిలిచేది కాదని నా గట్టి నమ్మకం.

విశాఖ_వినైల్:
కార్స్‌ని అందరూ న్యూ వేవ్ (పంక్ వెంట వచ్చిన, సింథసైజర్లు కలిసిన రాక్ ధోరణి) బ్యాండ్ అంటారు గానీ, నాకు అసలు ఆ మాట మీదే అనుమానం. మొదటి ఆల్బమ్ అమెరికాలో అరవై లక్షలకు పైగా అమ్ముడైంది. రాక్ రేడియోల్లో లెడ్ జెప్పెలిన్ లాంటి భారీ రాక్ బ్యాండ్ల పక్కన వేసేవాళ్లు. ఇది న్యూ వేవ్ ఎలా అవుతుంది? పాప్ రాక్‌కి సింథసైజర్ తొడిగారు, అంతే.

ఆరోతీగ:
విశాఖ గారూ, అమ్మకాలు చూసి జాతి నిర్ణయించకండి. రిక్ మనసు ఎక్కడుందో తెలియాలంటే సూసైడ్ అనే న్యూయార్క్ బ్యాండ్ సంగతి చూడాలి. ఒక గాయకుడు, ఒక కీబోర్డు, డ్రమ్ మెషీన్. జనాన్ని రెచ్చగొట్టే సంగీతం. కార్స్ పెద్ద పెద్ద హాళ్లు నింపుతున్న రోజుల్లో రిక్ వాళ్లను తమ షోలకు ముందు వాయించడానికి తీసుకెళ్లాడు. ప్రేక్షకులు అరిచి గోల చేసినా వదల్లేదు. 1979లో 'మిడ్‌నైట్ స్పెషల్' టీవీ కార్యక్రమం కార్స్ చేతికి వస్తే అందులోనూ సూసైడ్‌ని కూర్చోబెట్టాడు. 1980లో వాళ్ల రెండో ఆల్బమ్ ప్రొడ్యూస్ చేశాడు. హిట్ బ్యాండ్ నడుపుతున్నవాడికి ఇందులో లాభం ఏముంది? కార్స్ మూడో ఆల్బమ్ 'పనోరమా' అంత చల్లగా, మొండిగా ఉండడానికి కారణం ఈ ఇష్టమే అనిపిస్తుంది నాకు. అందుకే అంటున్నా, ఆ బ్యాండ్ దిశ రిక్‌ది.

పాతరికార్డు:
దిశ రిక్‌ది కాదని నేను ఎక్కడా అనలేదు. మొదటి ఆల్బమ్ తీసుకుందాం, చేతిలో కవర్ పట్టుకునే రాస్తున్నాను. తొమ్మిది పాటల్లో రిక్ పాడినవి ఐదు, ఓర్ పాడినవి నాలుగు. రెండో వైపు చివరి మూడు, 'బై బై లవ్', 'మూవింగ్ ఇన్ స్టీరియో', 'ఆల్ మిక్స్‌డ్ అప్', వరసగా ఓర్‌వే. వెక్కిళ్లు పెట్టినట్టు తెగి తెగి పాడే రిక్ గొంతులోంచి ఒక్కసారిగా ఓర్ నున్నటి గొంతులోకి వెళ్లినప్పుడు కదా ఈ బ్యాండ్ లోతు తెలిసేది! రిక్‌కి ఇది అందరికంటే బాగా తెలుసు. తను రాసిన పాటల్లో ఏది తన గొంతుకు సరిపోదో గుర్తించి పక్కవాడికి ఇచ్చాడు. ఎంతమంది పాటల రచయితలు ఆ పని చేస్తారు? ఓర్‌ని తలుచుకుంటే రిక్ తగ్గడు, పెరుగుతాడు.

మూవ్ లైక్ దిస్‌లో సగం పాటలు బెన్ (ఓర్) పాడి ఉంటే తనకంటే బాగా పాడేవాడని రిక్ స్వయంగా చెప్పాడు. రాసినవాడే అలా అన్నాక, దాన్ని కార్స్ ఆల్బమ్ అనడానికి నాకు నోరు రావట్లేదు. "హాక్స్ ఉన్నాడుగా" అంటారేమో. 1982లో రిక్ సోలో 'బీటిట్యూడ్'లోనూ హాక్స్ వాయించాడు, దాన్నెవరూ కార్స్ అనలేదే.

శ్రీలత_కీస్:
బీటిట్యూడ్‌లో ఈస్టన్, రాబిన్సన్ లేరు. 2011లో బతికున్న నలుగురూ ఉన్నారు. తేడా ఉంది.

దానికంటే ముఖ్యం, వాళ్లు ఓర్ స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. బేస్ పనిని హాక్స్, ప్రొడ్యూసర్ జాక్‌నైఫ్ లీ సర్దుకున్నారు. అంతకుముందు ఈస్టన్, హాక్స్ కలిసి టాడ్ రండ్‌గ్రెన్‌ని గాయకుడిగా పెట్టుకుని 'ది న్యూ కార్స్' అని తిరిగారు. రిక్, రాబిన్సన్ అందులో చేరలేదు. పేరు ముందు 'న్యూ' తగిలించడమే నిజాయితీ అనుకుంటాను నేను. 2018లో క్లీవ్‌లాండ్‌లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చుకున్నప్పుడు మాత్రం వీజర్ బేసిస్ట్ స్కాట్ ష్రైనర్ వచ్చి వాయించాడు. అది ఒక్క రాత్రి మాట.

పాతరికార్డు గారూ, ఆ ఆల్బమ్‌లో 'సూన్' వినండి. డ్రైవ్ లాగే నెమ్మది పాట. రిక్ తన సన్నటి గొంతుతో, ఓర్ అయితే అవలీలగా పట్టుకునే స్వరాల మీద ఆచితూచి పాడతాడు. రిక్ సోలో రికార్డులు వింటున్నప్పుడు ఇక్కడ ఓర్ ఉండాల్సింది అని నాకు ఎప్పుడూ అనిపించలేదు. ఇందులో ప్రతి రెండో పాటకీ అనిపిస్తుంది. ఇంకో బ్యాండ్ రికార్డులో ఓర్ కోసం ఎవరు వెతుక్కుంటారు? నా దృష్టిలో అది కార్స్ ఆల్బమే.

పాతరికార్డు:
సూన్ ఈ రాత్రే మళ్లీ వింటాను. నా అభిప్రాయం మారుతుందని మాత్రం మాట ఇవ్వలేను.